నుయ్యి కంపు కొడుతుంటే...

కుళాయి వచ్చింది, చేద మూలపడింది, నూతిలో వాసన మొదలైంది. పెరటి నుయ్యి ఉన్న చాలా ఇళ్ళ కథ ఇదే. ఆ వాసన ఎక్కడ పుడుతుంది? ఎలా పోతుంది? పోయాక ఆ నీళ్ళు తాగొచ్చా? ఉక్కు నగరం భిలాయిలోని మరోదా నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

దుర్గ్ నుంచి దల్లీ రాజహరా వెళ్ళే రైలు మార్గంలో మరోదా చిన్న స్టేషను. దల్లీ కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం ఈ దారినే భిలాయి ఉక్కు కర్మాగారానికి చేరుతుంది. కర్మాగారం నీళ్ళకీ మరోదాతోనే పని. బాలోద్ దగ్గరి తాందుల ఆనకట్ట నుంచి కాలువ పట్టుకుని వచ్చిన నీరు మరోదా జలాశయాల్లో నిలుస్తుంది. మహానది మీది గంగ్రేల్ ఆనకట్ట నుంచి కూడా భిలాయికి నీళ్ళు అందుతాయి. ఆ నీళ్ళు శుద్ధయ్యి టౌన్‌షిప్ క్వార్టర్ల కుళాయిల్లోకి వెళ్తాయి. క్వార్టర్ల హద్దు దాటి స్టేషన్ మరోదా, నేవయి, రిసాలి వైపు వస్తే సొంతిళ్ళు, ఇరుకు సందులు, పెరళ్ళు. నూతులు ఉన్నది అక్కడ.

ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు పని వెతుక్కుంటూ భిలాయి వస్తూనే ఉన్నారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకుని, పిల్లల్ని చదివించుకుని, రిటైరయ్యాక క్వార్టరు అప్పగించి ఆ చుట్టుపక్కలే జాగా కొనుక్కున్న కుటుంబాలు ఎన్నో. నుయ్యి లేని ఇల్లు ఇల్లే కాదనుకునే ఊళ్ళ నుంచి వచ్చిన మనుషులు. పెరట్లో నుయ్యి, గట్టు పక్కన తులసికోట వాళ్ళకి ఇంటి ప్లానులో భాగం.

తర్వాత బోరు వచ్చింది, మునిసిపాలిటీ కుళాయి వచ్చింది. రోజూ నలభై యాభై చేదలు తోడిన నుయ్యి వారానికోసారి, తర్వాత నెలకోసారి, చివరికి కుళాయి రాని రోజున మాత్రమే గుర్తుకొచ్చే స్థితికి చేరింది. అలాంటి రోజున చేద వేసి లాగితే ముక్కు మూసుకోవలసి వస్తుంది. వెంటనే ఇంట్లో ఒకరు బ్లీచింగ్ పౌడర్ పొట్లం తెచ్చి నూతిలో కుమ్మరిస్తారు. రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజుకి కంపు మళ్ళీ మొదలు.

పొట్లం తప్పేమీ లేదు. ఏ వాసనో తెలుసుకోకుండా వెయ్యడంలోనే తప్పంతా ఉంది.

ముందు చెంబుడు నీళ్ళు పట్టి చూడండి

నీళ్ళ వాసన పట్టడానికి ఖర్చు లేదు, ఓపిక కావాలి. మూడు చోట్ల మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు పట్టండి. ఒకటి నూతిలోంచి అప్పుడే తోడినవి, ఒకటి మేడమీద ట్యాంకు నుంచి వచ్చే కుళాయివి, ఒకటి గీజరువి. గ్లాసులు పట్టుకుని నూతికి దూరంగా వీధి గుమ్మంలోకి రండి. గట్టు దగ్గరే నిలబడితే చుట్టూ ఉన్న గాలి వాసన నీళ్ళదనిపిస్తుంది. అరిచేత్తో గ్లాసు మూసి, ఒకసారి కుదిపి, చెయ్యి తీసి వాసన చూడండి.

గీజరు నీళ్ళే కంపు కొట్టి, మిగతా రెండూ బాగుంటే నూతిని ఏమీ చెయ్యక్కర్లేదు. చాలా గీజర్లలో ట్యాంకు తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. నీళ్ళలో సల్ఫేటు, కొన్ని రకాల బ్యాక్టీరియా ఉంటే ఆ కడ్డీ దగ్గర కుళ్ళిన గుడ్డు వాసన పుడుతుంది. భిలాయి చలికాలంలో గీజరు వాడకం మొదలైన తొలి రోజుల్లో ఈ వాసన ఎక్కువగా తెలుస్తుంది. నెలల తరబడి లోపల నిలవున్న నీళ్ళు కదా! వేడి పూర్తిగా పెట్టి, గంటసేపు ఉంచి, ఆ నీళ్ళన్నీ వదిలేస్తే చాలాసార్లు పోతుంది. పోకపోతే మెకానిక్కుతో అల్యూమినియం-జింకు కడ్డీ వేయించుకోవాలి. ట్యాంకు కుళాయి ఒక్కటే వాసనొస్తే ట్యాంకు అడుగున పేరుకున్న బురదని కడిగించాలి. తోడిన నీళ్ళే కంపు కొడితే అప్పుడు అసలు సంగతి నూతిలో ఉన్నట్టు.

ఆ వాసన రకాన్ని గుర్తుపట్టడం తర్వాతి మెట్టు. కుళ్ళిన గుడ్డు కంపైతే హైడ్రోజన్ సల్ఫైడ్. తుప్పు, బురద, చేపల కౌసు కలిసినట్టుంటే ఇనుము తినే బ్యాక్టీరియా. తొలకరి మట్టి వాసనైతే నాచు. మరుగుదొడ్డి కంపైతే ఆలోచించేదేమీ లేదు, ఎక్కడో సెప్టిక్ ట్యాంకు ఊరుతోంది. ఆ నీళ్ళు తాగడం ఆ పూటే ఆపాలి. కిరసనాయిలు, పెట్రోలు వాసనొచ్చినా అంతే. ఈ రెండింటికీ ఇంట్లో చేసే వైద్యం లేదు.

కుళ్ళిన గుడ్డు వాసన ఎలా పుడుతుంది?

భిలాయి నేల అడుగున ఉన్నది సున్నపురాయి, షేల్ పొరలు. ఉక్కు కర్మాగారం తన సున్నపురాయిని దగ్గర్లోని నందిని గనుల నుంచే తెచ్చుకుంది. ఈ పొరల్లో ఊరిన నీళ్ళు సహజంగానే గట్టి నీళ్ళు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఇంకా ఉత్తరానికి వెళ్తే, ఒకప్పుడు దుర్గ్ జిల్లాలోనే ఉండి 2012లో విడిపోయిన బేమేతరా వైపు, షేల్ పొరల్లో జిప్సం కూడా ఉంది. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. అది కరిగిన నీళ్ళలో సల్ఫేటు ఎక్కువ.

సల్ఫేటుకు వాసన లేదు. దాన్ని వాసనగా మార్చే జీవులు వేరే ఉన్నాయి. గాలి సోకని చోట బతికే ఈ బ్యాక్టీరియాను 1895లో డచ్చి శాస్త్రవేత్త బైయరింక్ గుర్తించాడు. మనం ఆక్సిజన్ పీల్చినట్టు ఇవి సల్ఫేటును వాడుకుంటాయి, వదిలేది హైడ్రోజన్ సల్ఫైడ్. వీటికి కావలసినవి మూడు: సల్ఫేటు, కుళ్ళిన ఆకూ అలమూ, గాలి ఆడని నిలవ నీరు. వాడకం లేని నుయ్యి మూడింటినీ సమకూరుస్తుంది. రోజూ తోడే నూతిలో చేద పడిన ప్రతిసారీ నీళ్ళు కదులుతాయి, గాలి కలుస్తుంది, కొత్త ఊట వస్తుంది. తోడడం మానేసిన నూతిలో వేపాకులు, పూజ పూలు, పగిలిన చేదలు అడుగుకి చేరి అక్కడే మగ్గుతాయి.

పూడిక తీసేటప్పుడు గమనించండి. అడుగు నుంచి పైకొచ్చే బురద కాటుకలా నల్లగా ఉంటుంది, కంపు కొడుతుంది. దాన్ని గట్టు పక్కన కుప్పపోసి ఎండలో వదిలేస్తే, గాలి తగిలిన పైపొర క్రమంగా గోధుమ రంగుకీ తర్వాత తుప్పు ఎరుపుకీ తిరుగుతుంది. పారతో తిరగేస్తే లోపల ఇంకా నలుపే. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. నేలలోని ఇనుమూ బ్యాక్టీరియా వదిలిన సల్ఫైడూ కలిసి అలా అయ్యాయి. గాలి తగిలే కొద్దీ సల్ఫైడు విడిపోయి తుప్పు మిగిలింది. నీళ్ళకి కావలసిన మందు గాలేనని ఆ బురద కుప్ప చూపిస్తుంది. ఇంకో గుర్తు కూడా ఇంట్లోనే దొరుకుతుంది. ఆ నీళ్ళతో కడిగిన వెండి కుందులూ, ఆ నీళ్ళలో తడిసిన కాలి పట్టీలూ త్వరగా నల్లబడతాయి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో సల్ఫైడు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. మనిషి ముక్కు దాదాపు ఆ మోతాదు దగ్గరే దాన్ని పసిగడుతుంది. అందుకే కొంచెం వాసన వేసే నీళ్ళు వెంటనే విషం కాదు, తాగబుద్ధి కాదంతే. అయితే అదే వాయువు నూతి గొంతులో పోగుపడితే ప్రాణాలు తీస్తుంది. ఆ సంగతి ముందుంది.

ఎర్ర జిగురు

దల్లీ రాజహరా కొండలు ఎర్రన, భాటా నేలలు ఎర్రన, కొన్ని నూతుల నీళ్ళూ ఎర్రనే. ఛత్తీస్‌గఢీలో ఎర్ర మొరం నేలని భాటా అంటారు, పసుపు నేలని మటాసీ అంటారు, నల్లరేగడిని కన్హార్ అంటారు. ఇనుమున్న నేలలో తవ్విన నూతి నీళ్ళు తోడినప్పుడు తేటగా ఉండి, బిందెలో తెల్లారేసరికి అడుగున ఎర్ర మడ్డి కడతాయి. ఇనుము ఒక్కటే అయితే వాసన పెద్దగా రాదు. ఆ ఇనుము మీద బతికే గాలియోనెల్లా, లెప్టోథ్రిక్స్ లాంటి బ్యాక్టీరియా చేరితే ఒరల గోడకీ మోటారు పైపు లోపలా ఎర్రటి జిగురు పట్టి, బురద కంపు మొదలవుతుంది. ఆ జిగురు కింద గాలి ఆడదు కనక సల్ఫేటు బ్యాక్టీరియాకి కూడా అక్కడ చోటు దొరుకుతుంది. రెండు వాసనలూ కలిసి వచ్చేది అప్పుడే.

ఇలాంటి నీళ్ళ మీద నూనె తెట్టులా మెరిసే పొర కనిపిస్తుంది. డీజిలు కలిసిందేమోనని భయం వేస్తుంది. పుల్లతో ఆ పొరని కదిపి చూడండి. పెంకుల్లా ముక్కలై విడిపోతే అది బ్యాక్టీరియా పొర. పుల్ల తీయగానే మళ్ళీ కలిసిపోతే నిజంగానే నూనె.

ఇనుముకి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. అంతకు మించితే గాలి పట్టించి, తేర్చి, వడకట్టుకోవాలి. గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు పొరలు పోసిన డ్రమ్ములోకి ఎత్తు నుంచి, చిల్లుల రేకు గుండా నీళ్ళు జల్లుగా పడేటట్టు చేస్తే చాలు. కరిగిన ఇనుము గాలికి తుప్పుగా మారి ఇసుకలో ఆగిపోతుంది, కొంత హైడ్రోజన్ సల్ఫైడ్ గాల్లోకి పోతుంది, మిగిలిన వాసనని బొగ్గు పీల్చుకుంటుంది. భువనేశ్వర్‌లోని ఖనిజ పరిశోధన సంస్థ ఎర్రమట్టి, ఇసుక, రంపపు పొట్టు కలిపి కాల్చి టెరాఫిల్ అనే వడపోత బిళ్ళ తయారుచేసింది. ఇనుము నీళ్ళకి అది బాగా పనిచేస్తుంది. బిళ్ళ పైన పేరుకున్న మడ్డిని పీచుతో రుద్దడమే దాని నిర్వహణ.

మనిషిని దించకండి

2024 జులై 5. ఛత్తీస్‌గఢ్‌లోని జాంజ్‌గీర్-చాంపా జిల్లా కికిర్దా గ్రామం. నూతి మీద కప్పిన చెక్క లోపల పడింది. తీయడానికి ఒకరు దిగారు. ఆయన పైకి రాకపోయేసరికి కాపాడాలని ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఐదుగురూ విషవాయువుకి చనిపోయారు. అదే రోజు కోర్బా జిల్లా కట్‌ఘోరా ప్రాంతంలో మరో నూతిలో నలుగురు ఇలాగే పోయారు. ఒకే రాష్ట్రంలో, ఒకే రోజున, రెండు నూతుల్లో తొమ్మిది మంది.

పడిపోయింది ఒక చెక్క. మన ఇళ్ళల్లో చేద పడితే తీయడానికి పాతాళగరిగ ఉండేది. కొక్కేలున్న ఆ ఇనుప సాధనాన్ని తాడుకి కట్టి తిప్పితే ఎంత లోతులో ఉన్న బిందైనా చిక్కుకునేది. ఊరికి రెండు మూడు ఇళ్ళల్లో ఉండేది, అడిగి తెచ్చుకునేవాళ్ళు. మోటార్లు వచ్చాక దాన్ని పాత ఇనుములో అమ్మేశారు. ఇవాళ ప్రతి నూతి ఇంటికీ అది తిరిగి రావాలని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కొలిమి దగ్గర చేయించుకోవడం కష్టమేమీ కాదు, ఉక్కు నగరంలో అసలే కాదు.

నూతిలో జరిగేది ఇది. కుళ్ళు నుంచి పుట్టే కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ రెండూ గాలి కన్నా బరువు. అవి పైకి తేలవు, నీటి మీదే నిలుస్తాయి. ముసురు పట్టి వాతావరణ పీడనం తగ్గినప్పుడు నేల పొరల్లోని గాలి కూడా నూతిలోకి వస్తుంది. దాన్లో ఆక్సిజన్ తక్కువ. దిగిన మనిషికి అరిచే వ్యవధి కూడా దొరకదు. ఇంకో మోసం ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కంపు, పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళకి చేరితే ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియదు. వాసన తగ్గిందని ధైర్యం చేసిన మనిషి మృత్యువుకి దగ్గరయినట్టే.

దీపం దించి చూసే పద్ధతి మన పెద్దలది. దీపం ఆరిపోతే ఆక్సిజన్ లేదని తెలుస్తుంది, ఆ మేరకు అది మంచిదే. కానీ దీపం వెలుగుతోంది కాబట్టి దిగొచ్చని అనుకోకూడదు. మనిషిని చంపే మోతాదు హైడ్రోజన్ సల్ఫైడ్‌లో కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. మండే వాయువులున్న చోట ఆ దీపమే ప్రమాదం కూడా.

వాయువు అంటే ఏమిటో భిలాయికి ఒకరు చెప్పక్కర్లేదు. 2014 జూన్ 12న కర్మాగారంలో నీటి పంపుల దగ్గర ఇబ్బంది తలెత్తి బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు లీకైంది. ఆరుగురు చనిపోయారు. దాన్లోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. కర్మాగారంలో వాయువుండే చోటికి వెళ్ళాలంటే పర్మిట్టు, కొలిచే మీటరు, బయట కాపలా మనిషి అన్నీ ఉండాలి. ముప్పై ఏళ్ళు ఆ నియమాలు పాటించిన మనిషే పెరట్లో కూలీని నూతిలోకి లుంగీ కట్టించి దించుతున్నాడంటే మనసు ఒప్పుకోదు. ఆ కూలీ ఊపిరికీ అదే మీటరు కావాలి.

పూడిక తీయించాల్సి వస్తే వాయువు కొలిచే మీటరు, గాలి తోసే బ్లోయరు, నడుముకీ భుజాలకీ కట్టే పట్టీ, పైన తాడు లాగే ఇద్దరు మనుషులు ఉన్న బృందాన్నే పిలవండి. ఇవి లేకపోతే బురద తోడే పంపుతో పైనుంచే తీయించండి. లోపల ఎవరైనా పడిపోతే వెనకాల దూకకండి. 112కి ఫోన్ చేయండి, గాలి తోసే ప్రయత్నం పైనుంచి చేయండి. నూతులు తీసే ప్రాణాల్లో కాపాడటానికి దిగినవాళ్ళవీ ఎన్నో. కికిర్దాలో జరిగింది అదే.

బ్లీచింగ్ ఎంత, ఎలా?

పూడిక పోయాక, ఒరల గోడ మీది జిగురు పైనుంచి పొడుగు బ్రష్షుతో గీకాక, నీళ్ళు ఒకసారి మొత్తం తోడిపోశాక బ్లీచింగ్ పౌడర్ వంతు. బురద ఉండగా వేస్తే క్లోరిన్ అంతా బురదకే ఖర్చు. ఒక మిల్లీగ్రాము హైడ్రోజన్ సల్ఫైడ్‌ని గంధకంగా మార్చడానికే రెండు మిల్లీగ్రాముల పైచిలుకు క్లోరిన్ పోతుంది, పూర్తిగా సల్ఫేటుగా మార్చాలంటే ఎనిమిదికి పైనే. క్లోరిన్ వేశాక నీళ్ళు పాలలా తెల్లబడితే, అది విడిపోయిన గంధకమని గుర్తుపట్టండి. పొట్లం వేసిన మూడో రోజుకి కంపు తిరిగి రావడానికి కారణం ఇదే. మందు అడుగు దాకా పోలేదు.

లెక్క చేసుకుందాం. నూతి వెడల్పు మీటర్లలో కొలిచి దాన్ని దానితోనే గుణించండి. నీటి లోతుతో, 3.14తో గుణించి నాలుగుతో భాగించండి. వచ్చినవి ఘనపు మీటర్లు, వెయ్యితో గుణిస్తే లీటర్లు. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్ళున్న పెరటి నూతిలో సుమారు 7,000 లీటర్లుంటాయి. కంపు కొట్టే నూతికి తొలిసారి గట్టి మోతాదు కావాలి, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ మూడో వంతు ఉంటుంది కాబట్టి వెయ్యి లీటర్లకి 150 గ్రాములు, మన నూతికి కిలో పైచిలుకు. మూత తెరిచి నెలలైన పౌడర్ సత్తువ తగ్గి ఉంటుంది, దాన్ని నమ్మకండి.

పొడి నేరుగా కుమ్మరించకూడదు. బకెట్టులో వంద గ్రాములకి మించకుండా వేసి, కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, ముప్పాతిక వంతు నీళ్ళు పోసి తిప్పి, పది నిమిషాలు వదిలేయండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైతేట ఒక్కటే మరో బకెట్టులోకి వంచి నూతిలోకి దించండి. నీళ్ళలో ముంచి పైకీ కిందికీ గుంజుతూ కలపండి. అడుగు సున్నాన్ని నూతిలో పడనివ్వకండి, ముందే గట్టిగా ఉన్న నీళ్ళు ఇంకా గట్టిపడతాయి. ఇలా కిలో అయ్యేదాకా పది పదకొండు సార్లు. చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ ఉండాలి. యాసిడ్ సీసా ఆ దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒరల గోడనీ, చేదనీ, తాడునీ ఆ తేటతో తడపండి. మోటారుంటే కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా నడిపి ఆపేయండి. ఒక రాత్రంతా అలా ఉంచి, మర్నాడు క్లోరిన్ వాసన పోయేదాకా తోడిపోయండి. ఆ నీళ్ళు మొక్కలకీ చేపల చెరువుకీ సెప్టిక్ ట్యాంకుకీ పోకూడదు.

ఆ తర్వాత నిత్యం వేసే మోతాదు చాలా చిన్నది, వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. మన నూతికి 18 గ్రాములు. రాత్రి తోడటాలు అయ్యాక వేస్తే తెల్లారేసరికి నీళ్ళు సిద్ధం. గంట తర్వాత చుక్కల కిట్టుతో చూస్తే మిగులు క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. రోజూ వేసే ఓపిక లేని వాళ్ళ కోసం నాగపూర్ నీరీ సంస్థ జంట కుండల పద్ధతి చెప్పింది. కిలో పౌడర్, రెండు కిలోల ముతక ఇసుక తడిపి లోపలి కుండలో పోసి, దాన్ని పెద్ద కుండలో పెట్టి, రెండింటికీ సెంటీమీటరు చిల్లు ఉంచి, నీటి మట్టానికి మీటరు కింద వేలాడదీస్తారు. 4,500 లీటర్ల పెరటి నూతికి అది రెండు మూడు వారాలు సరిపోతుంది.

క్లోరిన్ వేశాక కంపు పోకపోగా డెట్టాలు లాంటి మందుల వాసన వస్తే జాగ్రత్తపడండి. నీళ్ళలో ఫినాల్ జాతి రసాయనం ఉంటే క్లోరిన్‌తో కలిసి అలాంటి వాసన పుడుతుంది. కోక్ ఓవెన్లు, తారు, కొన్ని రకాల క్రిమిసంహారకాలు, అన్నిటా ఫినాల్ ఉంటుంది. తాగునీటిలో దాని హద్దు లీటరుకు 0.001 మిల్లీగ్రాములే. ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించి ఎవరినో నిందించే ముందు నీళ్ళు పరీక్షకి పంపాలి, ఈలోగా తాగడం మానాలి.

వరాహమిహిరుడి చూర్ణం

నూతి వాసన కొత్త సమస్య కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలాల మీద దకార్గళమనే అధ్యాయమే రాశాడు. ఎక్కడ తవ్వితే నీరు పడుతుందో చెప్పి, చివర్లో బురదగా, చేదుగా, ఉప్పగా, దుర్వాసనగా ఉన్న నూతి నీటికి మందు కూడా చెప్పాడు. అంజనం, తుంగముస్తలు, వట్టివేళ్ళు, చేదు బీర, ఉసిరి చూర్ణం చేసి చిల్లగింజలతో కలిపి నూతిలో వెయ్యాలి. నీళ్ళు తేటై, తియ్యనై, మంచి వాసన వేస్తాయంటాడు.

దీన్ని కొట్టిపారేయకూడదు. చిల్లగింజ అరగదీసి కలిపితే బురద నిజంగానే అడుక్కి దిగుతుంది, పరిశోధకులు దాన్ని పరీక్షించి చూశారు. వట్టివేళ్ళ సువాసన మన వేసవి కుండలకి తెలిసిందే. అయితే ఆ మందు రోజూ తోడే నూతికి పనికొచ్చింది. నిలవ నూతిలో ఇవాళ అవే చూర్ణాలు వేస్తే, అవి కూడా కుళ్ళి బ్యాక్టీరియాకి మేత అవుతాయి. నూతి అడుగున ఉసిరి, నేరేడు దుంగలు వేసే అలవాటుకి కూడా ఇదే మాట. పొటాషియం పర్మాంగనేటు మీద కూడా నమ్మకం ఎక్కువే. 1890లలో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ కలరా నూతుల్లో దాన్ని వేయించాడు, ఆ గులాబీ రంగు నీళ్ళు మన పెద్దలకి గుర్తే. అది కంపునీ ఇనుమునీ తగ్గిస్తుంది. రోగక్రిములన్నిటినీ చంపుతుందన్న పూచీ మాత్రం లేదు.

గ్వాలియర్ సీసా

కంపు పోయింది. ఇక తాగొచ్చా? ఈ ప్రశ్నకి ముక్కు జవాబివ్వలేదు. నల్లగొండ నూతుల నీళ్ళు తేటగా, వాసన లేకుండా ఉండేవి. అందులోని ఫ్లోరైడు తరాల తరబడి ఎముకలు వంచింది. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు, అక్కడి నీళ్ళు చూసిగానీ వాసన చూసిగానీ ఎవరూ కనిపెట్టలేకపోయారు.

మలం కలిసిందో లేదో తేల్చడానికి మాత్రం చవకైన దారి ఉంది, అది మనకి పొరుగునే పుట్టింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థకి చెందిన మాంజా, మౌర్య, రావు 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక పరీక్ష ప్రచురించారు. చిన్న సీసాలో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. ఇరవై మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒక రోజు ఉంచాలి. పేగుల్లో బతికే బ్యాక్టీరియా ఉంటే అవి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తాయి, కాగితంలోని ఇనుముతో కలిసి నీళ్ళు నల్లగా మారతాయి. నూతి అడుగు బురదని నల్లబరిచిన రసాయన చర్యే ఇది, ఇక్కడ మనకి సాక్షిగా పనికొస్తోంది. ఒక జాగ్రత్త ఉంది. నీళ్ళలో ముందే సల్ఫైడ్ ఉంటే సీసా పోసిన కాసేపటికే నల్లబడుతుంది, అది లెక్కలోకి రాదు. అందుకే కంపు పూర్తిగా పోయాక, క్లోరిన్ కూడా పోయాక ఈ పరీక్ష చెయ్యాలి. మిగతా లెక్కలకి జిల్లా ప్రజారోగ్య ఇంజనీరింగ్ (పిహెచ్ఈ) విభాగం ప్రయోగశాల ఉంది. సల్ఫేటు, ఇనుము, నైట్రేటు, ఫ్లోరైడు, ఇ-కోలై అని రాసిచ్చి అడగండి.

సీసా నల్లబడి, మరుగుదొడ్డి గుంట దగ్గర్లో ఉంటే ఎంత బ్లీచింగ్ వేసినా అది తాత్కాలికమే. నూతికీ గుంటకీ కనీసం 15 మీటర్ల దూరం ఉండాలని ఆరోగ్య శాఖ పుస్తకాలు చెబుతాయి. సున్నపురాయి నేలలో ఆ దూరం కూడా చాలకపోవచ్చు. ఇసుక నేల నీటిని వడకడుతుంది, రాతి పగులు వడకట్టదు, తిన్నగా తెచ్చి నూతిలో పోస్తుంది. బస్తీ ఇళ్ళల్లో పక్కవాళ్ళ గుంట మన నూతికి నాలుగు బారల దూరంలో ఉండటం మామూలే. అలాంటి చోట ఆ నూతి నీళ్ళు గిన్నెలకీ మొక్కలకీ వాడుకుని, తాగడానికి కుళాయి నీళ్ళే పట్టుకోవాలి. గుంటని నీరు ఊరని సెప్టిక్ ట్యాంకుగా కట్టించడం ఇద్దరూ కలిసి మాట్లాడుకుని చేయాల్సిన పని, వీధి తగువుగా మార్చుకునేది కాదు.

నుయ్యి బాగుపడ్డాక దాని కోరికలు కొద్దే. రెండున్నర అడుగుల గట్టు, చుట్టూ మీటరు వెడల్పు సిమెంటు చప్టా, వాడిన నీళ్ళు దూరంగా పోయే కాలువ, ఆకులూ పిల్లులూ పడకుండా వల బిగించిన మూత. పూజ పూలు మొక్క మొదట్లో వేసుకోండి, నూతిలో వద్దు. రోజూ మొక్కలకైనా సరే కొన్ని చేదలు తోడండి, మోటారైతే పావుగంట నడపండి. కుళాయి వచ్చింది కదా అని నూతిని చెత్తతో పూడ్చేసిన ఇళ్ళు ఉన్నాయి. ఆ చెత్త రసం మీ ఒక్క ఇంటితో ఆగదు, వీధి మొత్తానికి అడుగున ఉన్న నీరు ఒకటే. వాడబోమని ఖాయం చేసుకుంటే వాన నీటిని వడకట్టి అందులోకి దించండి.

వానలు తగ్గి దసరా దగ్గరపడే రోజులు నూతిని చూసుకోవడానికి అనువైనవి. ఈసారి పండగ శుభ్రాల్లో నూతిని కూడా కలపండి. ఒక సీసా పరీక్ష చేయించండి, ఒక పాతాళగరిగ చేయించి ఇంట్లో ఉంచండి. లోపల ఏది పడినా, ఎంత విలువైనదైనా, దాని కోసం మనిషిని మాత్రం దించకండి.